సగటు పాఠకుడు అనే కల్పిత వ్యక్తి

1964 సెప్టెంబరులో లండన్‌లో డైలీ హెరాల్డ్ అనే దినపత్రిక ఆగిపోయింది. కార్మిక సంఘాల అండతో పెరిగిన పత్రిక అది. 1933లో రోజుకు 20 లక్షల ప్రతులు అమ్మి బ్రిటిష్ పత్రికలన్నిటినీ వెనక్కి నెట్టింది. ఆగిపోయేనాటికి కూడా 12 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడవుతూనే ఉన్నాయి. టైమ్స్, గార్డియన్, ఫైనాన్షియల్ టైమ్స్ మూడింటినీ చదివేవారిని కలిపి లెక్కవేసినా, హెరాల్డ్ పాఠకులు వారికి దాదాపు రెట్టింపు. ఆ మూడూ నిలబడ్డాయి, హెరాల్డ్ పోయింది. జాతీయ దినపత్రికల అమ్మకాల్లో దాని వాటా 8.1 శాతం కాగా, ప్రకటనల రాబడిలో వాటా 3.5 శాతమే. దాన్ని చదివేవారిలో ఎక్కువమంది కార్మికులు, వయసు మళ్లినవారు. అలాంటివారి కోసం డబ్బు పెట్టడానికి ప్రకటనదారులు ముందుకు రాలేదు.

హెరాల్డ్‌ను ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. దాని రాతలు గిట్టక ఎవరో కుట్ర పన్నవలసిన అవసరమూ రాలేదు. పత్రికకు అయ్యే ఖర్చులో పాఠకుడు చెల్లించేది కొంత భాగమే, మిగిలినది ప్రకటనలు ఇచ్చేవారు భరిస్తారు. వారు డబ్బు ఇచ్చేది ఆ పేజీ చదివేవారి కొనుగోలు శక్తిని చూసి. అది తక్కువైన చోట పాఠకులు ఎన్ని లక్షలమంది ఉన్నా లెక్కలోకి రారు. మీడియాలో పక్షపాతం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా తెర మీది ముఖాలను లెక్కపెడతారు, కించపరిచే మాటలను ఏరి చూపిస్తారు. చేయవలసిన పనే, కాకపోతే ఆలస్యంగా మొదలయ్యే పని. తెర మీదికి ఒక ముఖం వచ్చేసరికే, ఆ తెర ఎవరిని ఉద్దేశించి మాట్లాడాలన్నది ఖరారై ఉంటుంది. ప్రతి సంస్థకూ మనసులో ఒక సగటు పాఠకుడు, ఒక సగటు ప్రేక్షకుడు ఉంటాడు. జాతి, స్త్రీపురుష భేదం, వర్గం ముందుగా పనిచేసేది అతన్ని ఊహించుకోవడంలోనే.

బ్రిటన్‌లో ఈ వ్యవహారానికి ఒక పూర్వకథ ఉంది. 1815 నుంచి పత్రిక ప్రతి ఒక్కొక్కదాని మీద నాలుగు పెన్నీల స్టాంపు సుంకం ఉండేది. కూలి చేసుకునేవాడి చేతికి పత్రిక అందకూడదన్నది దాని ఉద్దేశం. అయినా 1830లలో సుంకం కట్టని పత్రికలు చాటుమాటుగా విరివిగా అమ్ముడయ్యాయి. అమ్మినవారు జైలుకు వెళ్లారు, విడుదలై వచ్చి మళ్లీ అమ్మారు. 1836లో సుంకాన్ని ఒక పెన్నీకి తగ్గించి, 1855లో పూర్తిగా ఎత్తివేశారు. పత్రికా స్వేచ్ఛ చరిత్రలో దీన్ని గొప్ప విజయంగా రాస్తారు. మీడియా చరిత్రకారుడు జేమ్స్ కరన్ దీనికి అడ్డు చెప్పాడు. సుంకం పోయాక ప్రకటనల బలంతో చవకగా అమ్మే పత్రికలు వచ్చిపడ్డాయని, ప్రకటనలు దొరకని, సమూల మార్పు కోరే కార్మిక పత్రికలు ఆ ధరకు అమ్మలేక కనుమరుగయ్యాయని, జైళ్లతో కాని పని మార్కెట్ చేసిపెట్టిందని ఆయన వాదన. ఈ వాదన మీద చరిత్రకారుల్లో వివాదం ఉంది. హెరాల్డ్ లెక్కలను పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం దాన్ని తేలికగా కొట్టిపారేయలేం.

అదే ప్రకటనల లెక్క స్త్రీల విషయంలో తిరగబడినట్టు కనిపిస్తుంది. ఇంటికి కావలసిన సరుకులు ఎంచుకునేది గృహిణి అని గ్రహించిన అమెరికా సబ్బుల కంపెనీలు 1930లలో పగటిపూట రేడియో ధారావాహికలకు డబ్బు పెట్టాయి. ప్రాక్టర్ అండ్ గాంబుల్ వంటి సంస్థలు వాటిని తామే తయారు చేయించాయి కూడా. ఇర్నా ఫిలిప్స్ అనే రచయిత్రి 1930లో చికాగో రేడియోలో ఈ తరహా కథలకు శ్రీకారం చుట్టింది. వాటిలో ప్రధాన పాత్ర స్త్రీ, మాట్లాడేదీ ఎక్కువగా స్త్రీలే, వినేదీ స్త్రీలే. ఇంతకంటే పెద్దపీట ఏముంటుంది అనిపిస్తుంది. అయితే ఆ పీట వేసింది వంటింట్లో. కొనుగోలుదారుగా ఆమెకు ఎనలేని విలువ ఇచ్చిన మీడియా, పన్నులు, యుద్ధాలు, ఎన్నికల గురించి మాట్లాడేటప్పుడు ఆమె భర్తవైపు తిరిగింది. పత్రికల్లో మహిళల పేజీ పుట్టుకా ఇలాంటిదే. ఇందులో మరో మడత కూడా ఉంది. ఆ ధారావాహికలు ఊహించుకున్న స్త్రీ, ఖర్చుకు కాస్త డబ్బున్న మధ్యతరగతి ఇల్లాలు. మిల్లులో పనిచేసే స్త్రీకి పగటిపూట రేడియో పెట్టుకునే తీరిక లేదు. ఆ ఇల్లాలి ఇంట్లో గిన్నెలు తోమే నల్లజాతి స్త్రీ చెవిన ఆ కథలు పడే ఉంటాయి, కానీ అవి ఆమెను తలచుకుని రాసినవి కావు.

రేటింగులు బాగుంటే కార్యక్రమం నిలబడుతుందన్న నమ్మకం కూడా అంత గట్టిది కాదు. 1970, 71 సంవత్సరాల్లో అమెరికాలో సీబీఎస్ టెలివిజన్ తన పల్లెటూరి నేపథ్యపు కార్యక్రమాలను ఒకదాని వెంట ఒకటి ఆపేసింది. వాటిలో కొన్ని అప్పటికీ బాగానే ప్రేక్షకులను రాబట్టుకుంటున్నాయి. వచ్చిన చిక్కల్లా ఆ ప్రేక్షకులు పల్లెల్లో ఉండటం, పెద్దవయసువారు కావడం. ప్రకటనదారులు కోరుకున్నది నగరాల్లో చేతినిండా సంపాదించే యువతను. అలా పక్కకు జరిగిపోయిన ప్రేక్షకుల్లో చాలామంది తెల్లజాతివారే. తప్పుడు వర్గంలో ఉన్నవారిని తెల్లని చర్మం కూడా కాపాడలేదన్నమాట.

డబ్బు దారి ఇది. ఇక వార్తలు తయారయ్యే గదిలో కూర్చునేవారి సంగతి. 1970 మార్చి 16న న్యూస్‌వీక్ వారపత్రిక స్త్రీవాద ఉద్యమం మీద ముఖచిత్ర కథనం వేసింది. దాన్ని రాయడానికి తమ సిబ్బందిలో తగిన రచయిత్రి లేదని బయటినుంచి ఒకామెను పిలిపించారు. సరిగ్గా అదే రోజు ఆ పత్రికలో పనిచేస్తున్న 46 మంది స్త్రీలు తమకు అన్యాయం జరుగుతోందంటూ ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేశారు. చదువులో ఏమాత్రం తీసిపోని స్త్రీలను సమాచారం సేకరించే ఉద్యోగాల్లో ఉంచి, రాసే ఉద్యోగాలు మగవారికి ఇచ్చే ఆచారం అక్కడ ఉండేది. ఎవరికీ స్త్రీలంటే ద్వేషం లేకపోవచ్చు. మొదటినుంచీ అలాగే జరిగిపోతోంది, అంతే. ఆ ఫిర్యాదును నడిపించిన న్యాయవాది ఎలెనర్ హోమ్స్ నార్టన్ నల్లజాతి స్త్రీ. పత్రికలో పనిచేస్తున్న నల్లజాతి స్త్రీలు మాత్రం సంతకం పెట్టలేదు. అది తమ పోరాటంగా వారికి తోచలేదు.

వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్ కథ ఇంకా విచిత్రమైనది. పెద్ద నాయకులు వచ్చి ప్రసంగించే ఆ క్లబ్‌లో తొలి నల్లజాతి సభ్యుడు చేరింది 1955లో. అదే ఏడాది మహిళా విలేకరులకు కూడా ఒక సదుపాయం కల్పించారు. హాలుపైన బాల్కనీలో నిలబడి వినవచ్చు. కింద భోజనాలు జరుగుతుంటే పైన నోట్సు రాసుకోవాలి, ప్రశ్న అడగడానికి వీల్లేదు. 1963 ఆగస్టులో పౌరహక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ ప్రదర్శనకు ముందు నల్లజాతి కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ అక్కడ మాట్లాడటానికి ఒప్పుకున్నప్పుడు, న్యాయవాది పౌలీ మర్రీ ఆయనకు నిరసన తెలుపుతూ లేఖ రాసింది. బస్సులో నల్లజాతివారికి కేటాయించే వెనక సీటుకూ ఈ బాల్కనీకీ తేడా ఏముందన్నది ఆమె వాదన సారాంశం. స్త్రీలకు సభ్యత్వం దక్కింది 1971లో.

తలుపు ఎలా తెరుచుకుంటుందో చెప్పే ఉదాహరణ ఒకటి అంతకు దాదాపు నలభై ఏళ్ల కిందటే ఉంది. 1933 మార్చిలో అమెరికా అధ్యక్షుని భార్య ఎలెనర్ రూజ్‌వెల్ట్ తన విలేకరుల సమావేశాలకు స్త్రీలనే రానిస్తానని ప్రకటించింది. వైట్‌హౌస్ వార్త కావాలంటే మహిళా విలేకరి ఉండి తీరాలి. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు ఊడుతున్న ఆ రోజుల్లో చాలామంది స్త్రీలు పత్రికల్లో నిలదొక్కుకున్నది ఆ నియమం వల్లే. సంపాదకుల మనసు మార్చే ప్రయత్నం ఆమె చేయలేదు. వార్త దొరికే చోటునే మార్చేసింది.

వార్తల్లో స్త్రీల వాటా ఎంతన్నది అయిదేళ్లకోసారి ప్రపంచవ్యాప్తంగా లెక్కగడుతున్నారు. గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు 1995లో ఒక ఎంపిక చేసిన రోజు వార్తలను పరిశీలిస్తే, వాటిలో ప్రస్తావనకు వచ్చిన, మాట వినిపించిన వ్యక్తుల్లో స్త్రీలు 17 శాతం. 2020లో 25 శాతం. పాతికేళ్లలో ఎనిమిది శాతం పాయింట్ల పెరుగుదల. ఈ మధ్యకాలంలో విలేకరుల్లో స్త్రీల సంఖ్య బాగా పెరిగిందని గుర్తుంచుకుంటే ఈ మందగమనం ఆశ్చర్యం కలిగిస్తుంది. రాసేవారు మారినా, ఎవరి మాట వార్త అవుతుందన్న కొలత మారలేదు. మంత్రి, పోలీసు అధికారి, కంపెనీ యజమాని, ప్రొఫెసర్ అని విలేకరి ఫోను చేసే జాబితా ఒకటి ఉంటుంది. ఆ పదవుల్లో మగవారు ఉన్నంతకాలం వార్తలోనూ వారే ఉంటారు.

వర్గం ఇక్కడ మరింత నిశ్శబ్దంగా పనిచేస్తుంది. జీతం లేని శిక్షణతో మొదలయ్యే వృత్తిలోకి, నెలల తరబడి పెద్ద నగరంలో సొంత ఖర్చుతో ఉండగలిగినవారే అడుగుపెడతారు. బ్రిటన్ జనాభాలో ప్రైవేటు బడుల్లో చదివినవారు 7 శాతం కాగా, పత్రికల్లో కాలమ్‌లు రాసేవారిలో వారు 44 శాతమని 2019లో సటన్ ట్రస్ట్ నివేదిక తేల్చింది. సంస్థలు తమ సిబ్బందిలో స్త్రీలెందరో, జాతిపరంగా అల్పసంఖ్యాకులెందరో చెప్పుకోవడానికి అలవాటుపడ్డాయి. తండ్రి ఏ పని చేసేవాడని అడగడం ఇంకా అరుదే. అందువల్ల భిన్న జాతులవారితో, స్త్రీపురుషులతో కళకళలాడుతూ కూడా, ఒకే రకం బడుల్లో చదువుకున్నవారితో నిండిన న్యూస్ రూమ్ సాధ్యమవుతుంది.

అమెరికాలో జాతి సమస్యకూ మీడియాకూ ఉన్న సంబంధం మీద ప్రభుత్వమే వేసిన కెర్నర్ కమిషన్ 1968లో కటువుగా మాట్లాడింది. 1967 వేసవిలో నగరాల్లో చెలరేగిన అల్లర్లకు కారణాలు వెతకమంటే, నివేదికలో ఒక అధ్యాయాన్ని వార్తా సంస్థలకే కేటాయించింది. పత్రికలు చాలాకాలంగా తెల్లవారి లోకంలోనే ఉండి, బయటికి చూసినా తెల్లవారి కళ్లతోనే చూశాయని తేల్చింది. వార్తా విభాగాల సిబ్బందిలో నల్లజాతివారు 5 శాతంలోపు, సంపాదకులు, పర్యవేక్షకుల స్థాయిలో ఒక శాతంలోపు. జనాభాలో ఉన్న నిష్పత్తి 2000 నాటికి న్యూస్ రూముల్లోనూ రావాలని అమెరికా సంపాదకుల సంఘం 1978లో లక్ష్యం పెట్టుకుంది. రాలేదు. గడువును 2025కు జరిపారు.

మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లోని డబ్ల్యూఎల్‌బీటీ టెలివిజన్ కేంద్రం ఉదంతం ఈ చరిత్రలో అన్నిటికంటే పనికొచ్చేది. దాని ప్రసార ప్రాంతంలో సుమారు 45 శాతం నల్లజాతి ప్రజలు. 1955లో జాతీయ ప్రసారంలో నల్లజాతి న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ కనిపించగానే, తీగల్లో లోపం అంటూ ఒక బోర్డు చూపించి ఆ భాగాన్ని నిలిపివేశారు. 1964లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ సంఘం స్థానిక నల్లజాతి నాయకులతో కలిసి ఆ కేంద్రం లైసెన్సును పునరుద్ధరించవద్దని కోరింది. అప్పటివరకు అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ దృష్టిలో ఇలాంటి అభ్యంతరం చెప్పే హక్కు, ఆర్థికంగా నష్టపోయేవారికో తరంగాల అంతరాయం కలిగేవారికో తప్ప, చూసేవారికి లేదు. 1966లో న్యాయస్థానం ఆ హక్కు ప్రేక్షకులకూ ఉందని తీర్పు చెప్పింది. 1969లో లైసెన్సు రద్దయింది. కొత్త నిర్వహణలో 1972లో విలియం డిల్డే జనరల్ మేనేజర్ అయ్యాడు. అమెరికాలో ఒక టెలివిజన్ కేంద్రాన్ని నడిపిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. తెర మీద ఎవరిని చూపించాలన్న చర్చతో ఇంత మార్పు వచ్చేది కాదు. ప్రసార హక్కు ఎవరి చేతిలో ఉండాలన్న వ్యాజ్యంతో వచ్చింది.

మూడు భేదాలూ ఒకదానిలో ఒకటి ఎలా ఒదిగిపోతాయో పేదరికం ఫోటోల్లో బాగా తెలుస్తుంది. రాజనీతి శాస్త్రవేత్త మార్టిన్ గిలెన్స్ 1988 నుంచి 1992 వరకు అమెరికాలోని మూడు పెద్ద వార్తా వారపత్రికల్లో పేదలని చెప్పి వేసిన ఫోటోలను లెక్కించాడు. వాటిలో 62 శాతం నల్లజాతివారివి. నిజానికి ఆ దేశపు పేదల్లో వారు 29 శాతం. అంతకంటే గమనించదగింది మరొకటి ఉంది. వృద్ధులు, కష్టపడి పనిచేసినా గడవనివారు వంటి సానుభూతి కలిగించే పేదల గురించిన కథనాల్లో తెల్లవారి ముఖాలు పెరుగుతాయి. ఆ ఫోటోలు ఎంచినవారి మనసులో తెలియకుండానే పాతుకుపోయిన మూస భావాలు దీనికి కారణం కావచ్చని గిలెన్స్ భావించాడు. ఫలితం మాత్రం పేదరికం ఒక జాతి లక్షణంగా పాఠకుల మనసులో స్థిరపడటం, తెల్లజాతి పేదలు కంటికి కనబడకుండా పోవడం. నష్టం ఇద్దరికీ జరిగింది.

2005లో కత్రినా తుఫాను తర్వాత నీట మునిగిన న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన రెండు ఫోటోలు చాలాకాలం చర్చకు నిలిచాయి. ఛాతీలోతు నీళ్లలో సరుకులతో నడుస్తున్న నల్లజాతి యువకుడి ఫోటో కింద దుకాణం లూటీ చేశాడని, అలాగే నడుస్తున్న తెల్లజాతి జంట ఫోటో కింద దుకాణం నుంచి రొట్టె, పానీయాలు దొరికాయని రాశారు. న్యాయంగా చెప్పాలంటే ఆ రెండూ వేర్వేరు సంస్థలు పంపినవి. ఎవరి వ్యాఖ్యకు వారి ఫోటోగ్రాఫర్ చెప్పిన సమర్థన ఉంది. పోలిక అంతగా జనంలోకి వెళ్లడానికి కారణం ఆ ఒక్క జత కాదు, అంతకుముందు చూసిన వందల వార్తలు. మరో రకం వివక్ష ఇంకా సూక్ష్మం. తప్పిపోయిన స్త్రీల వార్తల్లో తెల్లజాతి, మధ్యతరగతి, యువతులకే దేశమంతా వెతికే స్థాయి ప్రచారం దొరుకుతుందని పాత్రికేయురాలు గ్వెన్ ఐఫిల్ 2004లో ఎత్తిచూపింది. అక్కడ స్త్రీ అయితే చాలదు. ఏ స్త్రీ, ఏ పేటలో ఉండే స్త్రీ అన్నది కూడా చూస్తారు.

సినిమాలో ఈ లెక్క రాతపూర్వక నియమం రూపంలోనే ఉండేది. 1934 నుంచి గట్టిగా అమలైన హాలీవుడ్ నిబంధనావళి తెల్ల, నల్ల జాతుల మధ్య ప్రేమ సంబంధాన్ని చూపడాన్ని నిషేధించింది. ఆ జంకు ఆసియావారి దాకా పాకింది. చైనా రైతు కుటుంబం కథతో 1937లో వచ్చిన చిత్రంలో కథానాయకుడు తెల్లజాతి నటుడు కావడంతో, లాస్ ఏంజెలెస్‌లో పుట్టి పెరిగిన చైనా మూలాల నటి ఆనా మే వాంగ్‌కు నాయిక పాత్ర దక్కలేదు. ఆ పాత్రను తెల్లజాతి నటికి మేకప్ వేసి ఇచ్చారు, ఆమెకు ఆస్కార్ కూడా వచ్చింది. 1940లో ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి వ్యక్తి హాటీ మెక్‌డేనియల్ పోషించింది సేవకురాలి పాత్ర. నల్లజాతివారిని రానివ్వని హోటల్‌లో ప్రత్యేక అనుమతితో, తోటి నటులకు దూరంగా వేసిన బల్ల దగ్గర కూర్చుని ఆమె ఆ బహుమతి అందుకుంది.

పరికరాలకు ఏ పక్షమూ ఉండదనుకుంటే అదీ పొరపాటే. ఫోటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడక్ పంపే నమూనా కార్డు మీద దశాబ్దాలపాటు తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. ఆమె చర్మం సరిగా వస్తే రంగులు సరిగా వచ్చినట్టు. తరగతి ఫోటోల్లో నల్లజాతి పిల్లల ముఖాలు ఆనవాలు తెలియకుండా పోతున్నాయని తల్లులు మొత్తుకున్నా ఫిల్ము మారలేదు. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ వెలికితీసిన ప్రకారం, 1960, 70లలో ముదురు రంగుల మధ్య తేడా కనబడేలా ఫిల్మును మెరుగుపరచడానికి కారణమైన ఒత్తిడి చాక్లెట్ కంపెనీల నుంచి, చెక్క ఫర్నిచర్ తయారీదారుల నుంచి వచ్చింది. ప్రకటనల్లో తమ సరుకు రంగు సరిగా రావడం లేదని వారి గోడు. 2018లో జాయ్ బువోలామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ ముఖం చూసి స్త్రీయో పురుషుడో చెప్పే మూడు వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరీక్షించినప్పుడు, తెల్లని మేనిఛాయ ఉన్న పురుషుల విషయంలో పొరపాట్లు 0.8 శాతానికి మించలేదు. ముదురు ఛాయ ఉన్న స్త్రీల విషయంలో అవి 34.7 శాతం దాకా వెళ్లాయి.

పక్కకు నెట్టబడినవారు ఊరుకున్నారని కాదు. 1827లో న్యూయార్క్‌లో శామ్యూల్ కార్నిష్, జాన్ రస్‌వర్మ్ మొదలుపెట్టిన ఫ్రీడమ్స్ జర్నల్ తొలి సంచికలోనే, మా పక్షాన మేమే వాదించుకుంటాం, ఇన్నాళ్లూ మా తరఫున ఇతరులు మాట్లాడారు అని రాసింది. అది రెండేళ్లే నడిచింది. 1897లో పారిస్‌లో మార్గరీట్ డ్యూరాన్ స్థాపించిన లా ఫ్రోంద్ దినపత్రికను రాతనుంచి అక్షరాలు పేర్చడం దాకా స్త్రీలే నడిపారు. 1905లో మొదలైన చికాగో డిఫెండర్ దక్షిణాది రాష్ట్రాలకు రహస్యంగా చేరింది రైళ్లలో పనిచేసే నల్లజాతి పోర్టర్ల చేతుల మీదుగా. ఉత్తరాది నగరాల్లో పని దొరుకుతుందన్న కబురు లక్షలమందికి తెలిసింది ఆ కట్టల్లోంచే. ఇలాంటి పత్రికలకు పాఠకుల కొరత ఎప్పుడూ పెద్ద సమస్య కాలేదు. హెరాల్డ్‌ను మింగిన లెక్కే వీటినీ వెంటాడింది.

ఆ లెక్క ఇప్పుడు ఒక్కొక్క మనిషి స్థాయికి దిగింది. పురుషులు కావలెను, స్త్రీలు కావలెను అని ఉద్యోగ ప్రకటనలను పత్రికల్లో విడివిడి వరుసల్లో వేయడాన్ని పిట్స్‌బర్గ్ నగరం నిషేధిస్తే, 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. ఫేస్‌బుక్‌లో మాత్రం ఫలానా లింగం, వయసు, ప్రాంతంవారికే ఇళ్ల ప్రకటనలు, ఉద్యోగ ప్రకటనలు చూపించే వీలు 2019 దాకా ఉండేది. పౌరహక్కుల సంఘాల వ్యాజ్యాల తర్వాత ఆ వీలు తీసేశారు. అదే ఏడాది కొందరు పరిశోధకులు ఎవరినీ మినహాయించకుండా, అందరికీ చూపమంటూ ఉద్యోగ ప్రకటనలు ఇచ్చి చూశారు. సూపర్‌మార్కెట్ క్యాషియర్ ఉద్యోగం ప్రకటన చేరినవారిలో 85 శాతం స్త్రీలు. ట్యాక్సీ కంపెనీల ఉద్యోగాలది చేరినవారిలో 75 శాతం నల్లజాతివారు. కలప పరిశ్రమ ఉద్యోగాలది చేరినవారిలో 90 శాతం పురుషులు, 72 శాతం తెల్లవారు. ఏ మనిషీ అలా ఆదేశించలేదు, ఎవరు నొక్కుతారో ముందే ఊహించే యంత్రం పాత అలవాట్లను చూసి ఆ పంపకం చేసింది.

పత్రికలోని వరుసను స్త్రీలూ చూడగలిగారు, చూసి కోర్టుకు వెళ్లగలిగారు. తన తెర మీదికి రాని ప్రకటన ఒకటి ఉందని ఎవరికైనా ఎలా తెలుస్తుంది? 2022లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫేస్‌బుక్ కంపెనీ మొదట ఇళ్ల ప్రకటనల పంపిణీలో ఇలాంటి వక్రతలను తగ్గించే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ ఒప్పందం అమెరికాకు పరిమితం. ఎవరికి ఏ వార్త ముందు కనబడాలో తేల్చే లెక్కల జోలికి అది వెళ్లలేదు.